పాత పార్టిషన్ మ్యాజిక్ సీడీతో సి డ్రైవ్ పెంచుకోవచ్చా?

చిత్తూరు చర్చి వీధిలో డీటీపీ సెంటర్ నడుపుతున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. షాపులో పేజ్‌మేకర్, అను ఫాంట్స్ ఉన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి ఉంది. 160 జీబీ డిస్క్. దాన్ని మూడు పార్టిషన్లు, అంటే భాగాలు చేశారు: సి 15, డి 60, ఈ 74 జీబీ. సి లో 200 ఎంబీ కూడా మిగల్లేదు, పెద్ద ఫైలు ప్రింట్ ఇస్తే మధ్యలో ఆగిపోతోంది. శుక్రవారం ముహూర్తం పత్రికలు ఇంకా ప్రింట్ కాలేదు. ఎవరో పార్టిషన్ల సైజు మార్చే పాత సాఫ్ట్‌వేర్, పార్టిషన్ మ్యాజిక్ 8 సీడీ ఇచ్చారు. దాంతో డి లోంచి 20 జీబీ తీసి సి కి కలపొచ్చా? కొత్తగా కొన్న 4 టీబీ డిస్క్‌కీ, విండోస్ 10 ల్యాప్‌టాప్‌కీ కూడా అదే సీడీ పనికొస్తుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఎక్స్‌పీ డిస్క్ మీద అది పనిచేస్తుంది. కానీ బ్యాకప్, యూపీఎస్ రెండూ ఉంటేనే చేయండి. 4 టీబీ డిస్క్ మీద, విండోస్ 10 మీద మాత్రం దాన్ని తెరిచి కూడా చూడొద్దు. ఇంకో సంగతి, మీ ఇబ్బందికి అసలు పార్టిషన్లు కదపాల్సిన పని ఉండకపోవచ్చు. దానికీ వస్తాను.

నేను తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్ళకు పైగా కంప్యూటర్ రిపేర్లు చేస్తున్నాను. మొదట్లో మా చేతిలో ఉన్నది విండోస్ 98 బూట్ ఫ్లాపీ, అందులో ఎఫ్‌డిస్క్. అంతే. నల్ల తెర మీద నాలుగు లైన్ల మెనూ: పార్టిషన్ తయారు చేయి, యాక్టివ్ చేయి, తీసెయ్యి, ఉన్నవి చూపించు. ఉన్న పార్టిషన్‌ను పెంచడం, తగ్గించడం దానికి రాదు. సి పెంచాలంటే మొత్తం తీసేసి, మళ్ళీ కట్టి, విండోస్ మళ్ళీ ఎక్కించాల్సిందే. అయినా దాని మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. ఎందుకంటే ఒక పార్టిషన్ తీసేయమంటే అది ముందు ఆ పార్టిషన్ పేరు టైప్ చేయమనేది. పేరు సరిగ్గా కొడితేనే తీసేది. ఇప్పటి రంగురంగుల సాఫ్ట్‌వేర్లలో రెండు క్లిక్కులతో డిస్క్ ఊడ్చేసుకున్నవాళ్ళను చూసినప్పుడల్లా ఆ ఒక్క ప్రశ్న గుర్తొస్తుంది.

దాని లోపాలు మాత్రం చిన్నవి కావు. 80 జీబీ డిస్కులు మా దగ్గరికి రావడం మొదలైన రోజుల్లో, ఒకాయన కొత్త డిస్క్ కొని తెచ్చాడు. బూట్ ఫ్లాపీ పెట్టి చూస్తే ఎఫ్‌డిస్క్ దాన్ని పది జీబీ చిల్లర అంటోంది. డిస్క్ అమ్మినవాడు మోసం చేశాడని ఆయన గొడవ. నేనూ మొదట నిజమే అనుకున్నాను. అసలు కారణం వేరు. విండోస్ 98తో వచ్చిన ఎఫ్‌డిస్క్ లెక్క 64 జీబీ దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 80 జీబీ అని అమ్మే డిస్క్ అసలు 76,319 ఎంబీ. అందులో 65,536 తీసేస్తే 10,783. తెర మీద కనిపించింది ఆ అంకే. మైక్రోసాఫ్ట్ తర్వాత సరిచేసిన ఎఫ్‌డిస్క్ ఇచ్చింది. డిస్క్ బాగానే ఉంది, కొలిచే టేపు పొట్టిది.

ఈ పాత సాఫ్ట్‌వేర్లన్నిటి కథా అదే. అవి రాసిన రోజుల్లో ఉన్న డిస్కుల మీద బాగా పనిచేస్తాయి. తమ తర్వాత పుట్టిన డిస్క్ కనిపిస్తే 'నాకు తెలియదు' అని తప్పుకోవు. తెలిసిన లెక్కల్లోకి దాన్ని ఇరికించి చదువుతాయి. చదివి ఊరుకుంటే నష్టం లేదు. సరిచేస్తానంటాయి చూడండి, అక్కడ మునుగుతాం.

ఇక పార్టిషన్ మ్యాజిక్. పవర్‌క్వెస్ట్ అనే కంపెనీ తయారుచేసింది. 2003లో ఆ కంపెనీని సిమాంటెక్ కొనేసింది. మీ దగ్గరున్న 8వ వెర్షనే దాని చివరి వరుస, ఆ తర్వాత కొత్తది రాలేదు. వచ్చిన కాలానికి అది నిజంగా పేరుకు తగ్గ మ్యాజిక్కే. డేటా పోకుండా పార్టిషన్ పెంచడం, తగ్గించడం, పక్కకు జరపడం, రెండిటిని కలపడం, ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చడం, క్లస్టర్ (ఫైళ్ళకు జాగా పంచే కొలత) సైజు మార్చడం అన్నీ మౌస్‌తో అయిపోయేవి. డిస్క్ అంతా ఒక పొడుగాటి పట్టీలా బొమ్మ కనిపించేది, అంచు పట్టుకుని లాగడమే. అన్నీ చెప్పాక అప్లై నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే ఆ పని చేసుకునేది. మీలాంటి వాళ్ళ కోసమే ఖాళీ జాగాను డ్రైవ్‌ల మధ్య పంచే విజార్డ్ కూడా అందులో ఉంది.

మీరు దాన్ని తెరవగానే ఒక పెట్టె ప్రత్యక్షం కావచ్చు: ఎర్రర్ 116, ఫలానా పార్టిషన్ మొదలయ్యే చోటు ఎల్‌బీఏ లెక్కలో ఒకటి, సీహెచ్ఎస్ లెక్కలో ఇంకొకటి ఉంది, సరిచేయమంటారా అని. దీని అర్థం చెప్తాను. డిస్క్ అంతా సెక్టార్లనే చిన్న ముక్కలుగా ఉంటుంది. మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు పార్టిషన్ పట్టిక, చివరి రెండు బైట్లు సంతకం లాంటివి. 64 బైట్లలో పదహారు బైట్ల చొప్పున నాలుగు వరుసలు. ప్రైమరీ పార్టిషన్లు, అంటే ఈ పట్టికలో నేరుగా రాసేవి, నాలుగు మించకపోవడానికి కారణం ఇదే. ప్రతి వరుసలో పార్టిషన్ ఎక్కడ మొదలైందో రెండు రకాలుగా రాసి ఉంటుంది. ఒకటి సిలిండర్, హెడ్, సెక్టార్ అనే పాత చిరునామా, అదే సీహెచ్ఎస్. ఇంకొకటి సెక్టార్లకు వరుస నంబరు, అదే ఎల్‌బీఏ. పాత చిరునామా సుమారు 8.4 జీబీ దాకానే లెక్కపెట్టగలదు. ఆ పైన విండోస్ దాన్ని పట్టించుకోదు, వరుస నంబరు ఒక్కటే చూస్తుంది. పార్టిషన్ మ్యాజిక్ మాత్రం రెండూ సరిపోలాలని పట్టుబడుతుంది.

ఆ పెట్టెలో నో నొక్కండి. ఎక్స్‌పీతోనే చేసిన డిస్క్ అయితే ఎస్ నొక్కినా చాలాసార్లు ఏమీ కాదు. కానీ ఆ డిస్క్‌ని ఎప్పుడైనా విండోస్ 7తోనో, వేరే టూల్‌తోనో విభజించి ఉంటే ఎస్ నొక్కడం జూదమే. పట్టీలో డిస్క్ మొత్తం ఒకే పసుపు రంగు ముక్కగా, 'బ్యాడ్' అని కనిపించినా అంతే. కంగారుపడి ఏమీ సరిచేయొద్దు. మూసేసి బయటికి వచ్చేయండి. మీ డేటాకి అప్పటికి ఏమీ కాలేదు.

ఇప్పుడు మీ డిస్క్‌లో జరగబోయే పని చూద్దాం. 'డి లోంచి 20 జీబీ తీసి సి కి కలపడం' అని మనం ఒక్క ముక్కలో అంటాం. డిస్క్ మీద అది మూడు పనులు. సి తర్వాత డి, ఆ తర్వాత ఈ వరుసగా ఉన్నాయి. సి పెరగాలంటే దాని కుడి పక్కన ఖాళీ రావాలి. అంటే డి తన ఎడమ అంచును వదులుకోవాలి. కుడి అంచు తగ్గించడం తేలిక, నిమిషాల్లో అయిపోతుంది. ఎడమ అంచు జరపాలంటే డి లోని సరుకంతా డిస్క్ మీద 20 జీబీ అవతలికి మోసుకుపోవాలి. ఇంట్లో గోడ జరపడం కాదు, ఇల్లే ఎత్తి పక్క స్థలంలో పెట్టడం. రెండోది, మీ డి, ఈ రెండూ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే పెద్ద పెట్టెలో ఉండి ఉంటాయి. డి జరిగాక ఆ పెట్టె ఎడమ అంచునీ జరపాలి. అప్పుడు గానీ సి పెరగదు. మీ పాత డిస్క్ మీద ఇదంతా రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యపోకండి. 70 శాతం దగ్గర ఇరవై నిమిషాలు కదలకుండా ఉన్నట్టు కనిపించవచ్చు. ఆగిపోయిందని రీసెట్ నొక్కకండి. డిస్క్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉన్నంతసేపూ పని నడుస్తోందనే.

యూపీఎస్ అని ఎందుకు గట్టిగా అంటున్నానంటే, 2006 వేసవిలో నేను ఒక ఫోటో స్టూడియో డిస్క్‌కి సరిగ్గా ఇదే పని చేశాను. పెళ్ళిళ్ళ సీజన్. డి లో నాలుగు పెళ్ళిళ్ళ ఫోటోలు. షాపులో యూపీఎస్ ఉంది, కానీ బ్యాటరీ చచ్చిపోయి నెల దాటింది. 'ఒక్క గంటేగా' అనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. వచ్చాక చూస్తే డి సగం పాత చోట, సగం కొత్త చోట. పట్టిక చూస్తే ఒక మాట, సరుకు ఇంకో చోట. మూడు రోజులు, రాత్రిళ్ళు కూడా కూర్చుని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలు ఏరాను. మూడు పెళ్ళిళ్ళు దాదాపు పూర్తిగా వచ్చాయి. నాలుగోదానిలో తలంబ్రాల ఘట్టం నుంచి ఫోటోలు సగం బూడిద రంగు చారలతో తెరుచుకున్నాయి. ఆ స్టూడియో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మళ్ళీ నా షాపు మెట్లూ ఎక్కలేదు.

అందుకే పని మొదలెట్టే ముందు వరస ఇదీ. మీ కార్డు డిజైన్లు, కాణిపాకం వినాయకుడి బొమ్మల దగ్గర్నుంచి అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందని ఊరుకోకుండా ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి టూల్‌లో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, కనిపిస్తాయి. అందులో 'కరెంట్ పెండింగ్ సెక్టార్' ఎదురుగా సున్నా కాక వేరే అంకె ఉందంటే ఆ డిస్క్ మీద పార్టిషన్లు జరిపే ఆలోచన అక్కడితో మానేయండి. చదవడానికే మొరాయిస్తున్న డిస్క్‌తో అరవై జీబీ మోయించడం, గుండె జబ్బు మనిషిని అలిపిరి మెట్ల మీద పరిగెత్తించడం లాంటిది. ముందు మొత్తం డిస్క్‌ని కొత్తదానిలోకి క్లోన్ చేసి (అచ్చు నకలు తీసి), పని ఆ క్లోన్ మీద చేయండి. డిస్క్ బాగుంటే సి, డి రెండిటికీ చెక్‌డిస్క్ నడిపి తప్పులు దిద్దుకున్నాకే ముందుకు పోండి.

నన్నడిగితే ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ఆ సీడీ కంటే జీపార్టెడ్ లైవ్ సీడీ మేలంటాను. 2004లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. విండోస్‌తో పని లేకుండా సీడీ నుంచే బూట్ అవుతుంది. పాత డిస్కులూ, కొత్త డిస్కులూ రెండూ తెలుసు. కరెంటు పోతే మాత్రం ఇదీ మిమ్మల్ని కాపాడలేదు, ఆ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. ఇందులో చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. సైజు మార్చే పెట్టెలో 'అలైన్ టు' అని ఉంటుంది, మామూలుగా ఎంఐబీ అని, అంటే అంచుల్ని ఒక్కో ఎంబీ లెక్కకు సరిపెట్టేలా, పెట్టి ఉంటుంది. ఎక్స్‌పీ సి డ్రైవ్ 63వ సెక్టార్‌లో మొదలవుతుంది. ఎంఐబీ అని వదిలేస్తే ఆ మొదలును కూడా జరిపే ప్రమాదం ఉంది, జరిగితే ఎక్స్‌పీ బూట్ కాకపోవచ్చు. సి కి సంబంధించినంతవరకు అక్కడ 'నన్' పెట్టండి, ఎడమ వైపు ఖాళీ సున్నా ఉండాలి. పని అయ్యాక ఎక్స్‌పీ మొదటిసారి లేచినప్పుడు నీలం తెర మీద చెక్‌డిస్క్ దానంతట అదే నడుస్తుంది. ఆపకండి.

ఎక్స్‌పీలోనే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ఉంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. కానీ ఎక్స్‌పీలో అది విండోస్ ఉన్న సి డ్రైవ్‌ని పెంచదు. డేటా డ్రైవ్‌ని, అదీ పక్కనే ఖాళీ ఉంటేనే పెంచుతుంది.

ఇప్పుడు 4 టీబీ డిస్క్. ఇందాక చెప్పిన పట్టికలో వరుస నంబరుకు 32 బిట్లే ఇచ్చారు. 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే అది 2.2 టీబీ దగ్గర అయిపోతుంది. అందుకే పెద్ద డిస్కులకు జీపీటీ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది, పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర్లో కూడా దాస్తుంది. పాత సాఫ్ట్‌వేర్లు పొరపాటున చెరపకుండా మొదటి సెక్టార్‌లో పాత పద్ధతిలోనే ఒక దొంగ పట్టిక పెట్టారు, డిస్క్ అంతా ఎవరిదో తెలియని ఒకే పార్టిషన్ అన్నట్టు. పొలం గట్టున దిష్టిబొమ్మ లాంటిది. పార్టిషన్ మ్యాజిక్ చూసేది ఆ దిష్టిబొమ్మనే. మీరు దాన్ని తీసేసి కొత్త పార్టిషన్ కట్టారంటే అసలు పట్టికతో సంబంధం తెగిపోతుంది. పైగా 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ డిస్క్ చదవడమే రాదు. ఆ 4 టీబీని ల్యాప్‌టాప్‌కే పెట్టుకుని, అందులోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే విభజించుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డిస్క్ లోపల పెట్టి వాడుకునే కొన్ని యూఎస్‌బీ పెట్టెలు సెక్టార్ 512 కాదు, 4,096 బైట్లని కంప్యూటర్‌కి చెప్తాయి. అప్పుడు పాత పట్టికతోనే 4 టీబీ మొత్తం ఎక్స్‌పీలో కనిపిస్తుంది. బాగుందే అనిపిస్తుంది. ఏదో ఒకరోజు ఆ పెట్టె పాడై, డిస్క్ బయటికి తీసి నేరుగా కంప్యూటర్ లోపలి సాటా కేబుల్‌కి తగిలిస్తే లెక్కలన్నీ ఎనిమిదో వంతుకు పడిపోయి డిస్క్ ఖాళీ అంటుంది. కంగారులో ఫార్మాట్ చేశారా, ఇక అంతే. అలా అయితే మళ్ళీ అదే రకం పెట్టె వెతికి పెట్టుకోవాలి.

విండోస్ 10 ల్యాప్‌టాప్ గురించి ఎక్కువ చెప్పను. పార్టిషన్ మ్యాజిక్ ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టాకే పనికిరాదు. విస్టా నుంచి పార్టిషన్లు 63వ సెక్టార్ బదులు 2,048వ సెక్టార్ నుంచి, అంటే సరిగ్గా ఒక ఎంబీ దగ్గర మొదలవుతున్నాయి. ఇది షోకు కాదు. కొత్త డిస్కుల్లోనూ, ఎస్‌ఎస్‌డీల్లోనూ లోపలి గడి నాలుగు కేబీ, లేదా అంతకన్నా పెద్దది. 63 దగ్గర మొదలుపెడితే ప్రతి క్లస్టరూ రెండు గడుల మీద అడ్డంగా కూర్చుంటుంది, ఒక్కటి రాయాలంటే రెండు తిరగరాయాలి. మీరు ఎప్పుడైనా ఆ ఎక్స్‌పీ కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ వేస్తే పార్టిషన్ల వరకూ విండోస్ 7 గానీ జీపార్టెడ్ గానీ వాడి కట్టండి, ఎక్స్‌పీ సీడీతో కట్టొద్దు.

అలా కట్టిన డిస్క్ మీద ఎక్స్‌పీ డిస్క్ మేనేజ్‌మెంట్‌ని మాత్రం వాడొద్దు. ఇది మైక్రోసాఫ్ట్ కూడా రాతపూర్వకంగా ఒప్పుకున్న విషయమే: కొత్త పద్ధతిలో కట్టిన లాజికల్ డ్రైవ్‌లు (ఎక్స్‌టెండెడ్ పెట్టె లోపల ఉండేవి) ఎక్స్‌పీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'యాక్టివ్' మార్చినంత మాత్రానే మాయం కావచ్చు. ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ప్రాజెక్టు వైవాకి రెండు రోజుల ముందు ఇలాగే నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేసిందల్లా ఒక్క క్లిక్కు. డి, ఈ రెండూ పోయాయి. ఆ తర్వాత దేన్నీ ముట్టుకోకుండా తెచ్చాడు, అదే వాడి అదృష్టం. పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ అనే టూల్‌తో వెతికిస్తే రెండు పార్టిషన్లూ చెక్కుచెదరకుండా కనిపించాయి, పట్టిక మళ్ళీ రాయించాను. అరగంట పని. వాడు భయపడి అదే చోట కొత్త డ్రైవ్ కట్టి ఫార్మాట్ కొట్టి ఉంటే అరగంటలో అయ్యేది కాదు.

చివరికి, పార్టిషన్ కదపకుండా సి లో జాగా తెచ్చే దారి. ఇది ముందు చేయండి. పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేషన్ తీసేస్తే మీ ర్యామ్ ఎంతో అంత జాగా వెంటనే వస్తుంది. పేజింగ్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు) డి కి మార్చండి. సిస్టమ్ రీస్టోర్ మామూలుగా డ్రైవ్‌లో 12 శాతం దాకా తీసుకుంటుంది, సి మీద దాన్ని మూడు నాలుగు శాతానికి తగ్గించండి. మై డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో మూవ్ నొక్కితే ఆ ఫోల్డర్ మొత్తం డి కి పోతుంది. టెంప్ ఫోల్డర్ కూడా డి కి మార్చేయండి. ప్రింట్ మధ్యలో ఆగడానికి ఇంకో కారణం ఉంది. ప్రింటర్‌కి పోయే ఫైలు ముందు సి లోని స్పూల్ ఫోల్డర్‌లో పేరుకుంటుంది. ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్‌లో ఫైల్ మెనూ, సర్వర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఆ ఫోల్డర్ దారిని డి కి మార్చండి. నాకు తెలిసిన డీటీపీ షాపులు మూడింటిలో సగం బాధ దీంతోనే తీరింది. ఇవన్నీ చేస్తే నాలుగైదు జీబీ ఖాళీ రావాలి. పేజ్‌మేకర్‌కి అది చాలు.

అప్పటికీ సరిపోకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెర ఫోటో, స్మార్ట్ పేజీ ఫోటో రెండూ ఇక్కడ పెట్టండి. డి నిజంగా ఎక్స్‌టెండెడ్ లోపల ఉందా లేదా చూసి మిగతాది చెప్తాను. శుక్రవారం ముహూర్తం పత్రికలు ఇంకా ప్రింట్ కాలేదన్నారు కదా, అవి డెలివరీ ఇచ్చాకే మొదలుపెట్టండి. యూపీఎస్ వైరు గోడలోంచి లాగి బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలబడుతుందో ఇవాళే చూసుకోండి.